మోరీ వాటం

2024 ఫిబ్రవరి 2, శుక్రవారం. తుంగతుర్తి

ఇవాళ్టి నుంచి పంచాయతీలన్నిటికీ స్పెషలాఫీసర్లు. 2019 జనవరిలో గెలిచిన సర్పంచుల అయిదేండ్లు నిండినయి. మళ్లా ఎన్నికలెప్పుడన్న మాట ఎవరి నోటా లేదు.

పొద్దున చాయ్ హోటల్ కాడ పక్క ఊరి సర్పంచ్ కనబడ్డడు. మాజీ అని రాయాలె. నన్ను చూసి బల్ల మీద జరిగి జాగ ఇచ్చిండు. "పదవి పోయిందని బాధ లేదు సారూ. మిత్తి పోతలేదు" అన్నడు. పల్లె ప్రగతి మొదలైనప్పటి నుంచి ప్రతి ఊరికీ నర్సరీ, డంపింగ్ యార్డు, వైకుంఠధామం, ట్రాక్టరు ఉండాలని పైనుంచి ఒకటే ఒత్తిడి. ఈయన రెండు రూపాయల మిత్తికి పైసలు తెచ్చి వైకుంఠధామం కట్టించిండు. పని అయింది, కొలతల పుస్తకం, అదే ఎంబీ, రాసిన్రు, బిల్లు మాత్రం రాలేదు. ఊరోళ్లు పోయినోళ్లను అక్కడికే మోసుకపోతున్నరు. "కాటికి పోయినప్పుడల్లా నా అప్పు యాదికొస్తది సారూ."

ఏం చెప్పాలో తోచలేదు. పంచాయతీరాజ్ ఇంజనీరింగ్‌లో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా చేరి ఏఈగా దిగిన. ఎంబీలు రాసీ రాసీ వేళ్లు వంకర పోయినయి. బిల్లు ఎన్ని బల్లలు దాటాలో నాకు తెలుసు, కాంట్రాక్టర్‌కు తెలుసు, అందుకే ఆ ఆలస్యాన్ని కూడా వాడు లెక్కలో వేసుకుంటడు. సర్పంచ్‌కు ఏం తెలుసు? ఊరి తరఫున నిలబడి పని ఎట్లయిందని అడగడానికి మనం ఆయనను ఎన్నుకున్నం. తర్వాత ఆయన చేతనే పని చేయించినం. ఇంక అడిగేటోడు ఎవడు మిగిలిండు?

2024 జూన్ 16, ఆదివారం

తమ్ముని ఇంటికి పోయి వచ్చిన. వాడుండే పట్టణం పేరు ఈ పుస్తకంలో రాయను. నాతోటి పనిచేసినోళ్లు అక్కడ ఇంకా నౌకరీలో ఉన్నరు. నిన్న మొన్నటి దాకా గ్రామ పంచాయతీ, ఇప్పుడు మున్సిపాలిటీ. బోర్డు మారింది, ఇంటి పన్ను మారింది, గల్లీ అదే గల్లీ.

గడప దాటకముందే మరదలు ఎదురొచ్చింది. "బావా, మీరు ఇంజనీరు గద, జర మా మోరీ చూడుండ్రి" అన్నది. పోయిన ఎండాకాలం కట్టిన కొత్త సిమెంటు మోరీ. చూపుకు బాగుంది, అంచులు సాఫుగా తీసిన్రు. కానీ మృగశిర రాంగనే పడ్డ ఒక్క వానకే మోరీ నీళ్లు తమ్ముని వాకిట్లో మోకాలి లోతు నిలిచినయట. గోడకు ఇంకా తడి గీత ఉంది. మోరీ వెంట నడిచిన. ముందటి సందు దాటి కరెంటు స్తంభం దాకా పోయి, అక్కడ కత్తితో కోసినట్టు ఆగిపోయింది. దాని ముందట మట్టి, ముళ్ల చెట్లు, ఆ తర్వాత వంద గజాలకు పైగా దూరంలో వాగు.

"ఇక్కడెందుకు ఆపిన్రు?" అని అడిగిన.

"అక్కడికి మా వార్డు అయిపోయింది అన్నా" అన్నడు తమ్ముడు.

2024 జూన్ 18, మంగళవారం

రెండు రోజుల నుంచి ఆ స్తంభం కండ్ల ముందట నుంచి పోతలేదు.

చిన్న మున్సిపాలిటీలో పైసలు ఎట్ల పంచుతరో రాసి పెట్టుకోవాలె. ఏదో ఒక గ్రాంటు వస్తది, పదిహేనో ఆర్థిక సంఘానిదో, ఇంకొకటో. కౌన్సిల్‌లో పదిహేను మంది ఉంటే పదిహేను భాగాలు. అందరికీ సమానంగా పంచితే లొల్లి ఉండదు. ప్రతి కౌన్సిలర్ తన భాగానికి తగ్గ పని రాసిస్తడు: ఇంత సీసీ రోడ్డు, ఇంత మోరీ. అయిదు లక్షల లోపు అయితే టెండరు లేకుండా నామినేషన్ మీద ఇయ్యొచ్చు, కనుక పని కూడా ఆ కొలతకే తెగుతది. ఆ విధంగా ఒక మోరీ మూడు ముక్కలైతది. మూడు ఎస్టిమేట్లు, మూడు అగ్రిమెంట్లు, ముగ్గురు మనుషులు. నీళ్లు మాత్రం ఒకటే.

ఈ పంపకంలో మోసం ఉందని నేను అనను. చాలామంది కౌన్సిలర్లు మంచిగనే ఆలోచిస్తరు. నాకు ఓటేసిన సందుకు ఏదన్న చేయాలె అన్న తాపత్రయం అది. కానీ మోరీ పంచుకునే వస్తువు కాదు. పై సందులో బాగైన మోరీ కింది సందుకు శాపమైతది. అసలు మొదటి ప్రశ్న, ఈ నీళ్లు చివరికి ఎక్కడ పడాలె అన్నది, ఏ ఒక్క వార్డుదీ కాదు. అందుకే దాన్ని ఎవరూ అడగరు.

టెండరు పెట్టిన పనులకు వేరే రోగం. 2003 జులై 1 నాటి 94వ నంబరు జీవో మాకు కంఠతా వచ్చేది. బిడ్‌తో ఒక శాతం, అగ్రిమెంటు నాడు ఒకటిన్నర శాతం డిపాజిట్. ఎస్టిమేట్ మీద అయిదు శాతం కంటే ఎక్కువ కోట్ చేస్తే టెండరు చెల్లదు. ఇరవై అయిదు శాతం కంటే తక్కువకు దిగితే ఆ తేడాకు బ్యాంకు గ్యారంటీ కట్టాలె. నేను చూసిన టెండర్లలో పోటీ పడ్డోళ్లు సరిగ్గా ఆ ఇరవై అయిదు గీత కాడికి వచ్చి ఆగేటోళ్లు. 'ఇరవై నాలుగు లెస్' అని వినంగనే మా డీఈ సార్ తల పట్టుకునేటోడు. నాలుగో వంతు పైసలు వదులుకున్న మనిషి ఆ లోటు ఎక్కడ పూడుస్తడు? కంకరలోనా, సిమెంటులోనా, క్యూరింగ్‌లోనా? కాంక్రీటు పోసి గోనె సంచులు కప్పి నీళ్లు కొట్టే కూలీని నాలుగో నాడే మానిపిచ్చేటోళ్లను చూసిన. ఇరవై ఎనిమిది రోజులకు రావాల్సిన బలం ఆ కాంక్రీటుకు ఎన్నడూ రాదు.

ఇంకొకటి కూడా రాస్తే తప్ప ఈ పుట పూర్తి కాదు. ముప్పై ఏండ్ల కింద ఒక ఊర్లో నేను తూము వేయించిన. సర్పంచ్ ఇక్కడ అన్నడు, నేను లెవెల్ పట్టకుండనే సరే అన్న. పైపు జానెడు ఎత్తున కూసున్నది. మరుసటి ఏడు వానకు నీళ్లు ఎదురు తన్ని ఒక కూలోళ్ల మట్టిగోడ పడిపోయింది. దేవుని దయ, లోపల ఎవరూ లేరు. ఆ ఇంటామె నన్ను ఒక్క మాట అనలేదు. "మీకు చాయ్ పెట్టడానికి కూడ పొయ్యి తడిసింది సారూ" అన్నది. ఆ మాట ఇప్పటికీ నన్ను నిద్ర పోనియ్యదు.

2024 జులై 9, మంగళవారం

తమ్మునితోటి సమాచార హక్కు దరఖాస్తు పెట్టించిన. ఊర్లో పంచాయతీకి అయితే ఫీజు లేదు, మండల ఆఫీసుకు అయిదు రూపాయలు, మున్సిపాలిటీకి పది. మూడే అడిగినం: ఆ మోరీ ముక్కలు మూడింటి ఎస్టిమేట్లు, ఎంబీ నకళ్లు, ఆ పనులు మంజూరైన కౌన్సిల్ తీర్మానం.

వాడు భయపడ్డడు. "అన్నా, కౌన్సిలర్ మనోడే. ఏమనుకుంటడో." నేరం మోపుతలేం, కాగితం చూస్తం అంటున్నం, అంతే అని చెప్పిన. అయినా దరఖాస్తు తీసుకున్న క్లర్కు వాణ్ని కింది నుంచి పైదాకా చూసిండట. మన ఇంటి ముందటి మోరీ లెక్క మనం అడిగితే ఎందుకట్ల చూడాలె?

2024 సెప్టెంబర్ 1, ఆదివారం

రాత్రంతా వాన. పొద్దున ఆరింటికి కోదాడ నుంచి బిడ్డ ఫోన్: "నాయినా, నీళ్లు ఇంట్లకొచ్చినయి. మేం డాబా మీదున్నం." తర్వాత ఫోన్ కలువలేదు. మధ్యాహ్నం రెండింటికి మళ్లా మాట్లాడింది. అందరూ బాగున్నరు. పప్పు, బియ్యం, పిల్లల పుస్తకాలు పోయినయి.

టీవీలో కోదాడనే చూపిస్తున్నరు. నడిగూడెం మండలం కాగిత రామచంద్రాపురం కాడ సాగర్ ఎడమ కాలువకు గండి పడ్డది. ఇవాళ ఇంకేం రాయలేను.

2024 సెప్టెంబర్ 4, బుధవారం. కోదాడ

బిడ్డ ఇంట్లో బురద ఎత్తిపోసినం. అల్లుడు పారతో, నేను చీపురుతో. నా వయసుకు చీపురే ఎక్కువ. ఈ వరదలో కోదాడలో ఇద్దరి ప్రాణాలు పోయినయి. ఆ మాట వచ్చినప్పుడల్లా గల్లీలో అందరూ గొంతు తగ్గిస్తున్నరు.

అల్లుడు అన్నడు: "హైదరాబాద్‌కు హైడ్రా పెట్టిన్రు, మనకేం పెడ్తరు మామా?" నిజమే, చెరువులు, నాలాల మీది కట్టడాలు కూలగొట్టడానికి జులైలోనే హైడ్రా వచ్చింది. నెలన్నరగా అందరి నోటా అదే మాట. కూలగొట్టుడు ఒక్కరోజు పని. ఇల్లు కట్టంగ చూసుకుంట ఊకున్న సంవత్సరాల సంగతి ఎవరు లెక్క చెప్తరు? నాలా ఎక్కడి నుంచి ఎక్కడికి పోతదో గీసిన కాగితం ఏ చిన్న పట్టణంలోనైనా గోడకు తగిలించి ఉంటే, దాని మీద ఇల్లు కట్టేటోడు పునాది తవ్వేటప్పుడే పక్కింటోడు అడిగేటోడు.

వెనక్కి వచ్చేటప్పుడు బిడ్డ అరుగు మీద నిలబడి మోరీ దిక్కు చూస్తున్నది. చిన్నప్పుడు నాతోటి సైట్ల మీదికి వచ్చి లెవెలింగ్ స్టాఫ్ కర్ర పట్టుకున్న పిల్ల అది.

2024 సెప్టెంబర్ 26, గురువారం

కాగితాలు వచ్చినయి. ముప్పై రోజులు దాటినా జవాబు లేకపోతే ఆగస్టులో మొదటి అప్పీలు పెట్టించిన. అదీ పోతే రెండో అప్పీలు వినేందుకు కమిషన్ లేదు. రాష్ట్ర సమాచార కమిషన్ 2023 ఫిబ్రవరి నుంచి ఖాళీగ ఉన్నది. ఈ సంగతి ఆఫీసులకూ తెలుసు. అయినా ఎవరో మంచి మనిషి సంతకం పెట్టి పంపిండు. పుటకు రెండు రూపాయల చొప్పున కట్టి తెచ్చుకున్నం.

తీర్మానం చదివిన. ఆ ఒక్క సమావేశంలో ముప్పై ఎనిమిది అంశాలు. మనది పద్నాలుగోది. దాని కింద ఒకటే వాక్యం: సభ్యులు చర్చించి ఏకగ్రీవంగా ఆమోదించడమైనది. ముప్పై ఎనిమిదింటి కిందా అదే వాక్యం.

ఎస్టిమేట్లు చూసిన. మట్టి తవ్వకం, ఇసుక పరుపు, ఎం20 కాంక్రీటు, సెంట్రింగ్. మూడింటిలోనూ లెవెల్ షీటు లేదు. నేల వాలు గీసిన బొమ్మ లేదు. ఎంబీ తెరిచిన. సంఖ్య, పొడవు, వెడల్పు, లోతు, పరిమాణం, ఇవీ ఎంబీ గడులు. నా చేతి మీదుగా వేల పుటలు నిండినయి. ఇన్నేండ్లకు మొదటిసారి గమనించిన: ఈ పుస్తకంలో వాటానికి గడి లేదు.

2024 అక్టోబర్ 20, ఆదివారం

సద్దుల బతుకమ్మ నాడే ఆ గల్లీ ఆడోళ్లు మరదలిని అడిగిన్రట, మీ బావ ఏం తెచ్చిండు, ఏం రాసుంది అని. బతుకమ్మలు నెత్తిన పెట్టుకొని ఆ మోరీ నీళ్ల మీదుగనే దాటిపోయిన్రు పాపం. పండుగ అయినంక ఇవాళ కూసుందమన్నరు.

తమ్ముని అరుగు మీద పదిహేను ఇరవై మంది. నేను ఎంబీ చదివిన. చదువు రాని ముసలాయన ఒకాయన టేపు ఒక కొస పట్టుకున్నడు, పదో తరగతి పిల్లగాడు రెండో కొస. నేను పొడవు చదువుతుంటె వాళ్లు కొలుస్తున్నరు. వెడల్పు, లోతు, గోడ మందం. అందరూ ఎదురుచూసింది ఒక్కటే: తేడా ఎక్కడ దొరుకుతదా అని. దొరకలేదు. ఒక అంగుళం అటు ఇటు, లెక్క సరిపోయింది. కాంట్రాక్టర్ కాంక్రీటు తినలేదు. ఏఈ ఉన్నదే రాసిండు. డీఈ చెక్ మెజర్‌మెంట్ సంతకం ఉన్నది.

"మరి నీళ్లెందుకు నిలుస్తున్నయి?" అన్నది వెనక నుంచి ఒకామె.

గల్లీ మేస్త్రిని పిలిచినం. ఆయన తెల్ల పైపులో నీళ్లు నింపి తెచ్చిండు. ఒక కొస తమ్ముని వాకిట్లో, ఒక కొస స్తంభం కాడ. పైపు అందని చోట మధ్యలో గుర్తులు పెట్టుకుంట పోయిన్రు. చివరికి మేస్త్రి గోడ మీద బొగ్గుతో గీసి, బెత్త పెట్టి చూపిండు. మోరీ అడుగు వాకిటి కాడి కంటే స్తంభం కాడ నాలుగు అంగుళాలు ఎత్తున్నది. "వాటం తిరగబడ్డది సారూ. ముక్కముక్క కట్టిన్రు గద, ఎవరి ముక్క వాళ్లు రోడ్డును చూసి పోసుకున్నరు" అన్నడు.

అందరూ కాసేపు మాట్లాడలేదు. దొంగ దొరికితే మాటలు వచ్చేటివి. ఇక్కడ దొంగ లేడు, పైసలన్నీ పనిలోనే ఉన్నయి, పని మాత్రం పనికిరాదు. ఆ సంగతి మింగుడు పడడానికి టైం పట్టింది. నాకు కూడా.

నాకు ఉపాధి హామీ సామాజిక తనిఖీ మతికి వచ్చింది. ఉమ్మడి రాష్ట్రంలో 2009లో దానికోసం ప్రత్యేకంగ సొసైటీనే పెట్టిన్రు. ఊర్లో చదువుకున్న పిల్లలు ఇంటింటికీ తిరిగి మస్టర్లు చదివేటోళ్లు. మండల కేంద్రంలో ప్రజావేదిక పెట్టి అందరి ముందట లెక్క వినిపించేటోళ్లు. మట్టి తవ్విన కూలి మనిషి పేరు మైకులో చదివి, నీకు ఇన్ని రోజుల పైసలు ముట్టినయా అని అడిగేటోళ్లు. నేనూ ఆ వేదికల ముందట నిలబడి జవాబు చెప్పిన. చెమటలు పట్టినయి. కానీ ఆ తర్వాత కొలత తీసుకునేటప్పుడు నా చెయ్యి ఇంకింత జాగ్రత్తగ కదిలింది. కూలి మనిషి కష్టం లెక్కను మైకులో చదువుతం. పట్టణంలో లక్షల పనుల లెక్క బీరువాలో పెట్టి తాళం వేస్తం. రాజస్థాన్‌లో 1994లో ఊర్ల నడుమ టెంట్లు వేసి పంచాయతీ బిల్లులు బిగ్గరగ చదివిన్రు. ఆ చదువుల నుంచే పదకొండేండ్లకు సమాచార హక్కు చట్టం పుట్టింది. మన పట్టణాల్లో ఆ చట్టం దరఖాస్తు దగ్గరనే ఆగింది, అరుగు దాకా రాలేదు.

అయితే ఇవాళ నేర్చుకున్నది ఇంకొకటి ఉన్నది. అయిపోయినంక చదివితే తప్పు దొరుకుతది, మోరీ మారదు. ఆ పద్నాలుగో అంశం కౌన్సిల్‌లోకి పోకముందు ఈ అరుగు మీదికి రావాలె. ఈ ముసలాయనను అడిగితే చాలు, నలభై ఏండ్ల నుంచి నీళ్లు ఎటు పోతున్నయో చెప్తడు. 2019 మున్సిపల్ చట్టంలో ప్రతి వార్డుకు నాలుగు కమిటీలు రాసి పెట్టిన్రు: యువత, మహిళలు, పెద్దోళ్లు, ప్రముఖులు, ఒక్కోదాంట్లో పదిహేను మంది. అంటే వార్డుకు అరవై మంది. ఈ అరుగు మీద కూసున్న వాళ్లల్లో ఆ కమిటీలో తన పేరుందని తెలిసినోళ్లు ఒక్కరు లేరు.

2024 నవంబర్ 12, మంగళవారం

సూర్యాపేటలో కండ్ల డాక్టర్ దగ్గరికి పోయిన. కొత్త ఇంటిగ్రేటెడ్ మార్కెట్ బయటి నుంచి చూసిన. కిందటేడు ఆగస్టులో కలెక్టరేట్, మెడికల్ కాలేజీతో పాటు ప్రారంభమైన కట్టడం.

ఆ బజార్లలో తిరుగుతుంటే ఖాదర్ సాబ్ గుర్తుకొచ్చిండు. ఇరవై ఏండ్ల కింద ఇక్కడ మున్సిపల్ కమిషనర్. చెత్త కుండీ లేని పట్టణం అని సూర్యాపేటకు పేరు తెచ్చిన మనిషి. తడి చెత్త, పొడి చెత్త ఇంటి కాడనే వేరు చేయించి తీసుకున్నరు. తడిది వానపాముల ఎరువు, పొడిది అమ్మకం. చూసి నేర్చుకుందామని వేరే పట్టణాల నుంచి మనుషులు వచ్చేటోళ్లు. అప్పుడు నాకు ఎరువు షెడ్డు గొప్పగ కనబడ్డది. ఇప్పుడు ఆలోచిస్తే, ప్రతి ఇంటి ఆడామెకు విషయం చెప్పి ఒప్పించకుండ ఆ పనిలో ఒక్క అడుగు కూడా పడకపోయేది. కుండీ తీసేస్తే చెత్త ఎక్కడ వెయ్యాలె అన్న ప్రశ్నకు జవాబు ముందు చెప్పి, కుండీ తర్వాత తీయాలె. మన మోరీకి ఆ వరుస తప్పింది.

2025 జనవరి 27, సోమవారం

మున్సిపల్ కౌన్సిళ్ల గడువు నిన్నటితో అయిపోయింది. అక్కడా ఇగ స్పెషలాఫీసర్లే. సరిగ్గా అయిదేండ్ల కింద ఇదే తారీఖు నాడు నేరేడుచర్లలో చైర్మన్ ఎన్నిక. పదిహేను వార్డుల పట్టణం. ఎక్స్ అఫీషియో ఓట్ల పేచీతో ఎన్నిక మరునాటికి వాయిదా పడ్డది, రాష్ట్రమంతా దాని దిక్కే చూసింది. ఒక్క ఓటు ఎక్కడ చెల్లుతదని అంత కొట్లాడిన్రు. ఆ పట్టుదలలో పదో వంతు ఒక మోరీ ఎక్కడ పడాలన్న దాని మీద పెడితే ఎన్ని గోడలు నిలబడేటివో.

కౌన్సిల్ లేనప్పుడు ఎవరిని అడగాలని తమ్ముడు దిగులు పడ్డడు. స్పెషలాఫీసర్‌ను అడుగుదం, కౌన్సిల్ వచ్చినంక మళ్లా అడుగుదం అన్న. ఉత్త అర్జీ ఇస్తే ఫైల్‌లో పండుకుంటది. అందుకని నిన్న ఆదివారం పాత మిత్రుని దగ్గర డంపీ లెవెల్ అడుక్కొచ్చిన. బిడ్డ కోదాడ నుంచి వచ్చింది. చీర కొంగు నడుముకు చెక్కి స్టాఫ్ పట్టింది, చిన్నప్పటి లెక్కనే నిటారుగ. మేస్త్రి గొలుసు లాగిండు. మూడు ముక్కల మోరీ, రెండు వార్డులు, కరెంటు స్తంభం, ముళ్ల చెట్లు, అన్నీ దాటుకుంట వాగు దాకా పోయినం. పది మీటర్లకు ఒక రీడింగ్. కింది వార్డు వాళ్లు కూడ బయటికి వచ్చిన్రు. మా దిక్కు నీళ్లు తోలుతున్నరా అని మొదలు గట్టిగ అడిగిన్రు. బొమ్మ చూపించి, వాగులోకి తోలుతున్నం, మీ ఇండ్ల వెనక నుంచి, మూత వేసి, అని చెప్పిన. ఒకాయన తన గోడ పక్క నుంచి అయితే వద్దన్నడు. ఎటు అయితే బాగుంటదో చూపియ్యి అని స్టాఫ్ ఆయన చేతికిచ్చిన. ఆయన చూపిన దారే మేలని తేలింది, రెండు మలుపులు తగ్గినయి.

రాత్రి కూసొని లెవెల్ షీటు గీసిన. పాత మోరీ అడుగు ఎర్ర గీత, ఉండాల్సింది నీలం గీత. మూడో ముక్క పగలగొట్టక తప్పదు. ఆ ఖర్చు కూడ దాచకుండ రాసిన. కింద రెండు గల్లీల వాళ్ల సంతకాలు, ముసలాయన వేలిముద్ర.

రేపు తమ్ముడు ఇన్‌వార్డులో ఇస్తడు. రెండు ప్రతులు తీసుకపొమ్మని, ఒకదాని మీద తారీఖుతో ముద్ర వేయించుకొని తెచ్చుకొమ్మని చెప్పిన.